కాంటా మీద అంకె, కాగితం మీద లెక్క

(మన సంఘం వార్షికోత్సవం సందర్భంగా చిక్కడపల్లిలో చేసిన ప్రసంగ పాఠం)

 

మమ్మల్ని మాట్లాడమని పిలిచినప్పుడు పెద్దలు "తీజ్ గురించో, గోర్ బోలి గురించో చెప్పండి" అన్నారు. మేము కిలోలు గ్రాముల గురించి చెప్తామన్నాం. వాళ్లు మా ముఖాలు ఒక నిమిషం చూసి, సరే పదిహేను నిమిషాలు అన్నారు. అందుకని నేరుగా విషయంలోకి వస్తున్నాం.

మేము ఆరుగురం. దేవరకొండ, మహబూబాబాద్, నారాయణఖేడ్ వైపు తాండాల నుంచి గ్రూప్స్ కోచింగ్ కోసం వచ్చి అశోక్ నగర్‌లో రూములు తీసుకొని ఉంటున్నవాళ్లం. ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందిది ఇదే బతుకు కాబట్టి వివరంగా చెప్పక్కర్లేదు. పొద్దున సిటీ సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ కోసం పరుగు, మధ్యాహ్నం మెస్సు, రాత్రి పదింటికి మళ్లీ అదే పుస్తకం. ఈ గల్లీల్లో అపార్ట్‌మెంట్ల కింద వాచ్‌మన్ గదుల్లో ఉండే కుటుంబాల్లో చాలామంది మనవాళ్లే. సాయంత్రం పూట ఆ గదుల ముందు నుంచి పోతుంటే గోర్ బోలి వినిపిస్తది. వాళ్ల పిల్లలు దగ్గరలోని సర్కారు బడులకు పోతున్నారు. రెండేళ్ల కింద ఒక తల్లి మమ్మల్ని ఆపి, "మీరు ఇంత చదువుతున్నరు కద, మా పిల్లకు లెక్కలు చెప్పరాదా" అని అడిగింది. అట్లా ఒక సెల్లార్‌లో, బండ్లు పెట్టే జాగాలో, ఆదివారం పొద్దున క్లాసు మొదలైంది. మొదట నలుగురు పిల్లలు, ఇప్పుడు పదిహేడు మంది.

మొదట్లో మాకు గర్వమే ఉండేది. కోచింగ్‌లో పాలు నీళ్ల మిశ్రమం లెక్క, సగటు బరువు లెక్క అర నిమిషంలో చేసేవాళ్లం. ఐదో తరగతి పిల్లకు కిలోలు గ్రాములు చెప్పడం ఎంతసేపు అనుకున్నాం. మాకు ఎట్లా నేర్పారో అట్లనే నేర్పాం. ఒక చార్టు రాసి గోడకు అంటించాం. 'మొత్తం' అని ఉంటే కూడిక, 'మిగిలిన' అని ఉంటే తీసివేత, 'ఎక్కువ' అంటే కూడిక, 'తక్కువ' అంటే తీసివేత. పిల్లలు దాన్ని బట్టీ పట్టారు. రెండు నెలలు బాగానే నడిచింది.

ఒక ఆదివారం ఈ లెక్క ఇచ్చాం. రాజు దగ్గర 3 కిలోల 250 గ్రాముల చింతపండు ఉంది. అది లక్ష్మి దగ్గర ఉన్నదానికంటే 500 గ్రాములు ఎక్కువ. లక్ష్మి దగ్గర ఎంత ఉంది? అందరూ చార్టు చూశారు, 'ఎక్కువ' దొరికింది, కూడారు. 3 కిలోల 750 గ్రాములు. నాలుగో తరగతి పిల్ల ఒకతి మాత్రం రాయలేదు. పలక ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఏమైందని అడిగితే, "రాజుకే ఎక్కువుంది కద అన్నా. మరి లక్ష్మికి అంతకంటే ఎక్కువ ఎట్ల వస్తది? మీ చార్టు అబద్ధం చెప్తుంది" అన్నది.

ఆ చార్టు అదే రోజు చించేశాం. సెల్లార్‌లో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు. మేము ఇన్నేళ్లు పరీక్షల్లో గట్టెక్కింది లెక్క అర్థమయ్యి కాదు, మాటను చూసి గుర్తు వేసే అలవాటుతో. ఆ అలవాటునే ఆ పిల్లలకు అంటగడుతున్నాం.

అక్కడి నుంచి మేము నేర్చుకున్నదంతా పిల్లల దగ్గరే. అందులో కొంత మీకు చెప్తాం. సంక్రాంతికో, వేసవి సెలవులకో మీరు తాండాకు పోతే పనికొస్తుంది.

మొదటి అడ్డం అంకెలు కావు, తెలుగు. మనకు చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉంటది గాని నిజం. ఇంట్లో గోర్ బోలి, బడిలో పుస్తకం తెలుగు. ఇప్పుడు చాలా బళ్లలో ఇంగ్లీషు మీడియం కూడా. ఒకసారి పుస్తకంలో లెక్క ఇట్లా ఉంది: బస్తాలో 50 కిలోల బియ్యం ఉన్నాయి, ఒక్కొక్కరికి 6 కిలోల చొప్పున పంచితే ఎంతమందికి వస్తాయి, ఎన్ని మిగులుతాయి? మూడో తరగతి పిల్లాడు చాలాసేపు ఆలోచించి, "బియ్యం చొప్పల పెట్టి ఇస్తరా అన్నా?" అని అడిగాడు. వాడికి తెలిసిన చొప్ప జొన్న చొప్ప, బర్రెలకు వేసేది. మేము పడి పడి నవ్వాం. తర్వాత నవ్వడం తప్పనిపించింది. వాడు మాట అర్థం కాక 50ని, 6ని కలిపి 56 వేసి ఉంటే, "లెక్కలు రావు" అని మేమే రాసేవాళ్లం.

అదే పిల్లాణ్ని వేరే రకంగా అడిగాం. మీ ఇంట్ల ఎంతమంది? ఐదుగురం. రేషన్‌ల ఎంత వస్తయి? ముప్పై కిలోలు. ఒక్క క్షణం ఆగలేదు. రాష్ట్రంలో రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 6 కిలోలు ఇస్తారని వాడికి ఏ పుస్తకమూ చెప్పలేదు, సంచి మోసిన భుజం చెప్పింది. మరి డీలర్ దగ్గర 50 కిలోల బస్తా ఒక్కటే మిగిలితే? వేళ్ల మీద ఆరు, పన్నెండు, పద్దెనిమిది అని లెక్కపెట్టి, "ఎనిమిది మందికి. రెండు కిలోలు ఆయన ఇంటికి తీస్కపోతడు" అన్నాడు.

అప్పటి నుంచి మా పద్ధతి ఇది. లెక్క చదివాక పుస్తకం మూయిస్తాం. ఏం జరిగిందో గోర్ బోలిలో చెప్పమంటాం, ఒక్క అంకె కూడా చెప్పకుండా. ఎవరి దగ్గర ఏముంది, ఎవరు ఎవరికి ఇచ్చారు, ఎవరి దగ్గర ఎక్కువుంది, మనల్ని అడిగింది ఏమిటి. కథ సరిగ్గా చెప్పగలిగిన పిల్లకు గుర్తు ఏది వేయాలో మేము చెప్పాల్సిన పని సాధారణంగా పడదు. కథ చెప్పలేకపోతే అంకెలు ముట్టుకోనివ్వం. ఆ తర్వాత బొమ్మ గీయమంటాం. రాజుకు పొడుగు గీత, లక్ష్మికి పొట్టి గీత, మధ్యలో తేడా 500. చేసే ముందే జవాబు ఎంత ఉండొచ్చో ఊహించి పక్కన రాయమంటాం. ఇది మా క్లాసులో అన్నిటికంటే కష్టమైన పని. పిల్లలు తప్పు ఊహ రాయడానికి భయపడతారు. బడిలో తప్పుకు దెబ్బ పడుతుందో, నవ్వు పడుతుందో మరి.

రెండో అడ్డం, గ్రాము అంటే ఎంతో చేతికి తెలియకపోవడం. కిలోకు 1000 గ్రాములని నిద్రలో లేపినా చెప్తారు. ఒక కోడిగుడ్డు ఎంత బరువుంటది అంటే "రెండు కిలోలు" అన్న పిల్లలున్నారు. అందుకని ముందు చేతికి నేర్పాలి. లీటరు నీళ్లు ఒక కిలో. ఇది దేవుడిచ్చిన బాటు, పైసా ఖర్చు లేదు. లీటరు సీసా నింపి ఒక చేతిలో, ఉప్పు ప్యాకెట్ ఇంకో చేతిలో పెడతాం. అర లీటరు సీసా అర కిలో. చేతిలో పావు లీటరు నీళ్ల సీసా పెట్టి, అంత బరువుండే ఉల్లిగడ్డలు ఏరమంటాం. నెల తిరిగేసరికి కొందరు పిల్లలు పది ఇరవై గ్రాముల తేడాలో చెప్తున్నారు.

పెద్దది కాబట్టి బరువు అనుకోవడం ఇంకోటి. కిలో దూది బరువా, కిలో ఇనుము బరువా అనే పాత పొడుపు ప్రశ్నకు మా పిల్లలందరూ ఇనుమే అన్నారు. ఇందులో వాళ్ల తప్పు లేదు. మన నాయనమ్మలు సోలెడు, మానెడు, అడ్డెడు, కుంచెడు అని కొలిచారు. అవి పట్టే కొలతలు, తూచే కొలతలు కావు. మానెడు బియ్యం, మానెడు పేలాలు గిన్నెలో ఒకే ఎత్తు, తరాజులో ఒకటి కాదు. పాత మానిక ఒకటి దొరికితే తెచ్చి రెండిటితోనూ నింపి తూచి చూపించండి. అరగంట చెప్పేది అర నిమిషంలో అర్థమవుతుంది.

తరాజు గురించి కాసేపు చెప్పాలి. ఎందుకంటే మా క్లాసుకు పంతులు అదే. ఒక పాత సామాన్ల కొట్టులో దొరికింది. రెండు పళ్లాలు, ఇనుప బాట్లు. కిలో, 500, 200, 100, 50. ఇనుప బాటు వెనక గుంటలో సీసం ఉంటుంది, చూశారా? ఆ సీసం మీద తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర కొడతారు. మా పిల్లలు ఇప్పుడు ఏ దుకాణానికి పోయినా బాటు తిప్పి చూస్తున్నారు. దుకాణదారులకు కొంచెం కోపం వస్తున్నది, వస్తే రానీ.

ఈ బాట్లతో 650 గ్రాములు తూచమంటే 500, 100, 50 పెడతారు. బాగుంది. 300 గ్రాములు తూచమంటే 200, 100. అదీ బాగుంది. ఇప్పుడు 100 బాటు దాచేసి మళ్లీ 300 తూచమంటాం. పిల్లలు చాలాసేపు తన్నుకులాడతారు. ఎవరో ఒకరికి తడుతుంది: పల్లీల వైపు పళ్లెంలో 200 బాటు పెట్టి, ఇవతల 500 పెడితే సరి. తీసివేత అంటే ఏమిటో ఆ పూట కళ్లతో చూస్తారు. రాజు, లక్ష్మి చింతపండు లెక్క మళ్లీ ఇస్తే ఇప్పుడు తరాజులో పెట్టి చూపిస్తారు. లక్ష్మి వైపు 500 బాటు వేస్తేనే రాజుతో సమానం. ఇదంతా బీజగణితమేనని మాకు తర్వాత అర్థమైంది. ఇటు ఏం వేస్తే అటుకు సమానం అనే ప్రశ్న ఏడో తరగతిలో x వేషం వేసుకొని వస్తుంది.

ఇక్కడ ఒక పాత సంగతి. మన తాతముత్తాతలు లదేణి చేసినవాళ్లు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం వేసుకొని దేశం తిరిగారు. ఎద్దు వీపు మీద వేసే గోనెకు రెండు పక్కలా రెండు సంచులు. ఒక పక్క బరువెక్కితే జారిపోతుంది, ఎద్దు వీపు పుండు పడుతుంది. అంటే ఆ ఎద్దు వీపే వాళ్ల తరాజు. పీటర్ ముండీ అనే ఇంగ్లీషు వర్తకుడు 1632లో దారిలో ఒక తాండాను చూసి రాసుకున్నాడు: 14,000 ఎద్దులు, ఒక్కొక్కటి సగటున నాలుగు పెద్ద మణుగుల ధాన్యం మోస్తున్నాయని. ఈ లెక్కను మా ఐదో తరగతి వాళ్లకు ఇచ్చాం. 56,000 మణుగులు. "ఇంత మన వాళ్లే మోసిండ్రా అన్నా?" అని ఒక పిల్లాడు రెండుసార్లు అడిగాడు. వాడికి తాండా అంటే ఊరు చివరి గుడిసెలని మాత్రమే తెలుసు. తాండా అన్న మాటకు మొదటి అర్థం నడిచే గుంపు అని ఆ రోజు చెప్పాం.

మరి 56,000 మణుగులంటే ఎన్ని కిలోలు? అక్కడ చిక్కుపడ్డాం, మంచి చిక్కే. మణుగు ఊరికొక రకం. బెంగాల్ మణుగు 37 కిలోల పైన. మద్రాసు మణుగు 25 పౌన్లు, అంటే 11 కిలోల చిల్లర. మాట ఒకటే, బరువు మూడు రెట్లు తేడా. ఒక చోట కొని ఇంకో చోట అమ్మే మనిషి ఈ తేడా తెలియకపోతే మునిగిపోతాడు, తెలిసినవాడు ఎదుటివాణ్ని ముంచుతాడు. మన దేశంలో 1956లో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి కిలోలను దశలవారీగా తెచ్చింది ఈ గందరగోళం పోవడానికే. సేరు, వీసె, మణుగు పోయాయి. తులం మాత్రం బంగారం షాపులో ఇప్పటికీ కూర్చుంది. అసలు తులం 11.66 గ్రాములు, ఇప్పుడు చాలా చోట్ల తులమంటే 10 గ్రాములే. పెళ్లి మాటల్లో "ఐదు తులాలు" అన్నప్పుడు ఏ తులమో అడిగేవాళ్లు ఎంతమంది?

ఇక అసలు సంగతికి వస్తాం. ఎలక్ట్రానిక్ కాంటా. ఇప్పుడు తరాజు ఎక్కడుంది, అంతా ఎర్ర అంకెలే కదా. ఆ అంకెలు మూడు దశాంశ స్థానాల్లో ఉంటాయి. మేము మూడు చీటీలు రాశాం: 1.500, 1.050, 1.005. చదవమన్నాం. ఆరో తరగతి పిల్లలు కూడా రెండోదాన్ని "కిలోన్నర" అన్నారు. ఒకటి పాయింట్ యాభై కదా, యాభై అంటే సగం కదా అని వాదించారు. రూపాయి పైసల్లో 50 అంటే సగం నిజమే. కాని కిలోలో సగం 500. ఈ ఒక్క చోట తప్పితే 450 గ్రాములు పోయినట్టే. మీరు ఏమీ నేర్పకపోయినా ఇది మాత్రం నేర్పండి. చుక్క తర్వాత మూడు గదులు గీయండి. మొదటి గదిలో వందల గ్రాములు, రెండో గదిలో పదులు, మూడో గదిలో ఒకట్లు. మాట కూడా మార్పించండి. "ఒకటి పాయింట్ సున్న ఐదు సున్న" అని కాకుండా "కిలో, యాభై గ్రాములు" అని చదివించండి. కూడికలో కూడా ఇదే గొడవ. 2 కిలోల 750కి కిలో 500 కలిపి "3 కిలోల 1250 గ్రాములు" అని ఆపేస్తారు. తప్పేం కాదు, సగం దారిలో ఆగారు అంతే. వెయ్యి గ్రాములు తీసి పక్కన కిలో బాటు పెట్టమంటే 4 కిలోల 250 అని వాళ్లే అంటారు.

ఇది ఉత్త బడి లెక్క కాదని చెప్పడానికి మాలో ఒకరి ఊరి సంగతి. ఆ ఇంటి ఆరో తరగతి పిల్ల కొన్నాళ్లు మా క్లాసుకు వచ్చి, తర్వాత ఊరి బడికి మారింది. వాళ్ల నాయన మూడు సంచుల కందులు ఒక వ్యాపారికి అమ్మాడు. కాంటా చీటీ మీద మొత్తం 152.400. వ్యాపారి సంచికి కిలో లెక్కన మూడు కిలోలు, తరుగు పేరుతో సంచికి ఇంకో కిలో లెక్కన మూడు కిలోలు కోసి, 146.400కి డబ్బులు ఇచ్చాడు. పిల్ల ఇంట్లో ఖాళీ సంచి తూచింది. 600 గ్రాములు. మూడు సంచులకు కిలో 800. అంటే కందులు నిజంగా 150 కిలోల 600 గ్రాములు. కోత పడింది 4 కిలోల 200 గ్రాములు. కిలో 70 రూపాయలు లెక్క వేస్తే 294 రూపాయలు, దాదాపు ఉపాధి హామీ పనిలో ఒక మనిషి రోజు కూలి.

పిల్ల చీటీ పట్టుకొని నాయనతో పోయి అడిగింది. వ్యాపారి "అందరికీ ఇట్లనే" అన్నాడు. నాయన పిల్లను నోరు మూసుకోమన్నాడు, ఎందుకంటే విత్తనాలకు అప్పిచ్చింది కూడా ఆ వ్యాపారే. ఆ 294 రూపాయలు రాలేదు. మేము ఈ కథకు వేరే ముగింపు చెప్పలేం. మరుసటి పంటకు మాత్రం నాయన ఖాళీ సంచిని ముందే తూపించి, సంచికి 600 గ్రాములే కోయించాడు. తరుగు అట్లనే ఉంది. తూకంలో మోసం మీద ఫిర్యాదుకు తూనికలు కొలతల శాఖ ఉంది, 2009 చట్టం ఉంది. కాని అప్పు ఉన్నవాడు ఫిర్యాదు చేయడు. అది లెక్కల క్లాసుతో తీరేది కాదు, ఆ సంగతి మాకు తెలుసు. అయినా ఎంత పోతున్నదో తెలిసి ఊరుకోవడం వేరు, తెలియక ఊరుకోవడం వేరు.

ఇంకో పిల్లాడు. ఎనిమిదో తరగతి. సాయంత్రాలు నారాయణగూడ వైపు మామయ్యతో ఉల్లిగడ్డ బండి మీద ఉంటాడు. బడిలో లెక్కల్లో ఎప్పుడూ సున్నా, "వీడికి రావు" అని పేరు. మేము బండి దగ్గరికి పోయి నిలబడ్డాం. ఒకామె రెండున్నర కిలోలు అడిగింది, కిలో 35. వాడు సంచిలో వేస్తూనే ఎనభై ఏడున్నర అన్నాడు. ఎట్లా? "రెండు కిలోలకు డెబ్బై, అద్ధకిలోకు పదిహేడున్నర." మరుసటి ఆదివారం కాగితం మీద 2.5 × 35 ఇచ్చాం. 875 వేశాడు, ఏమీ అనుమానం లేకుండా. "రెండున్నర కిలోల ఉల్లిగడ్డకు 875 ఇస్తరారా ఎవరన్నా?" అంటే సిగ్గుపడి నవ్వి, చుక్క పెట్టాడు.

ఇది మన పిల్లాడి ఒక్కడి సంగతి కాదు. బ్రెజిల్ దేశంలో రెసిఫే అనే నగరం ఉంది. అక్కడ వీధుల్లో కొబ్బరికాయలు, పండ్లు అమ్మే పిల్లల మీద టెరెజినా నూనెస్, ఆమె తోటివాళ్లు చేసిన అధ్యయనం 1985లో వచ్చింది. బండి దగ్గర బేరంగా అడిగితే నూటికి 98 సరైన జవాబులు. అదే లెక్కను కథగా ఇస్తే 74. ఉత్త అంకెలుగా ఇస్తే 37. అవే బుర్రలు. 2025లో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో బృందం కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లలను చూసి ఇలాంటి సంగతే చెప్పింది. ఇంకో మాట కూడా చెప్పింది: బడిలో లెక్కలు బాగా చేసే పిల్లలు బజారు లెక్కలో తడబడుతున్నారని. ఆ రెండో మాట చదివినప్పుడు మా ఆరుగురి ముఖాలు ఒకరివొకరం చూసుకున్నాం. కోచింగ్ షార్ట్‌కట్లన్నీ వచ్చి, చిక్కడపల్లి మార్కెట్లో "పావుకిలో ఇరవై, కిలో అరవై" అన్న బేరంలో పావుకిలో చొప్పున నెలంతా టమాటాలు కొన్నవాళ్లం మేమే. కిలో ఎనభై పడింది.

అందుకని ఇప్పుడు నెలకొక ఆదివారం క్లాసు మార్కెట్లోనే. ఇద్దరు పిల్లలకు వంద రూపాయలు, ఒక చీటీ. ఏం కొన్నారో, ఎంత మిగిలిందో వచ్చి రాయాలి. రాసేటప్పుడు అది పుస్తకంలో లెక్కలా రాయాలి, ఇంకో జట్టు దాన్ని చేయాలి. బజారు నుంచి కాగితానికి దారి ఇదే అని మాకు అనిపిస్తోంది. ఉల్లిగడ్డ బండి పిల్లాడు లెక్కలు తయారు చేయడంలో మొనగాడు. లెక్కలో కావాలని ఒక అక్కరలేని అంకె పెట్టి అందరినీ తిప్పలు పెడతాడు. బండి వ్యాపారం ఉన్న ఆదివారాలు రాడు. బడి మానిపించాలన్న మాట వాళ్ల ఇంట్లో ఇంకా నడుస్తూనే ఉంది.

దుకాణం ప్యాకెట్లు కూడా మంచి పుస్తకమే. ప్రతి ప్యాకెట్ మీద నికర బరువు రాయాలని నిబంధన. పిల్లలు ఖాళీ కవర్లు ఏరి తెచ్చారు. పది రూపాయల చిప్స్ పొట్లం మీద 20 గ్రాములని ఉంది. కిలో కావాలంటే అలాంటివి 50 పొట్లాలు, 500 రూపాయలు. పక్కనే ఆలుగడ్డ కిలో ముప్పైకి అమ్ముతున్నారు. పిల్లలు ఆ రోజు చిప్స్ మానేస్తామని ఒట్టు పెట్టారు. వారం రోజులు కూడా ఆగలేదు, అది వేరే సంగతి.

మాకు అన్నిటికంటే గుర్తున్న లెక్క పుస్తకంలోది కాదు. ఐదో తరగతి పిల్ల ఒకతి రాసింది. ఆమె మాటల్లోనే చెప్తాం: "మా యాడి నెలకు 30 కిలోల బియ్యం తెస్తది. రోజుకు 1 కిలో 250 గ్రాములు వండుతది. ఎన్ని రోజులు వస్తయి? తర్వాత ఏం తింటం?" మొదటి ప్రశ్నకు జవాబు 24 రోజులు. పిల్లలు కిలో పావు కిలో పావు అని నాలుగు రోజులకు ఐదు కిలోలు కట్టి, ఆరుసార్లు వేసి తెచ్చారు, భాగహారం చేయకుండానే. రెండో ప్రశ్నకు ఒకరు 7 కిలోల 500 గ్రాములు కొనాలన్నారు. ఒకరు రోజుకు కిలోనే వండాలన్నారు. ఒక పిల్ల, "ఆఖరి ఆరు రోజులు మా నాయన ఊరికి పోతడు, మేం బడిల తింటం" అన్నది. బడి మధ్యాహ్న భోజనంలో ప్రైమరీ పిల్లకు బియ్యం 100 గ్రాములు. ఆ లెక్కా వేశారు. మూడు జవాబులకూ మేము మార్కులు వేశాం.

మా సమయం అయిపోతున్నట్టుంది, అధ్యక్షులు గడియారం చూస్తున్నారు. ఒక్క మాట. మాలో ఇద్దరికి ఈ ఏడాది ఉద్యోగాలు వచ్చాయి, జిల్లాలకు పోతున్నారు. మిగిలింది నలుగురం, పిల్లలు పదిహేడు మంది. ఇక్కడ అశోక్ నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ రూముల్లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు వారానికి రెండు గంటలు ఇవ్వగలిగితే సభ అయ్యాక బయట చెట్టు కింద కలవండి. బీఈడీ అక్కర్లేదు. గోర్ బోలి రావాలి, పిల్ల తప్పు చెప్తే ఆగి వినాలి. ఊళ్లకు పోయేవాళ్లు తాండాలోనే మొదలుపెట్టొచ్చు. లీటరు సీసా, కట్టెపుల్ల, రెండు కొబ్బరి చిప్పలు చాలు.

క్లాసు ఆదివారం పొద్దున 8 గంటలకు. తరాజుకు ఒక పళ్లెం గొలుసు తెగింది, తీగతో కట్టాం, కొంచెం ఒక వైపు లాగుతుంది. పిల్లలు ఖాళీ తరాజును ముందే చూసి ఆ తేడా సరిచేసుకొని తూస్తున్నారు. 200 బాటు మాత్రం ఎక్కడో పోయింది. ఎవరి ఇంట్లోనైనా పాతది ఉంటే తెచ్చివ్వండి. తెచ్చే ముందు వెనక సీసం మీద ముద్ర ఉందో లేదో చూడండి, మా పిల్లలు అడుగుతారు.

రామ్ రామ్.